మొక్కుబడి పొట్టేలు, పచ్చి బొప్పాయి

నేను నంద్యాలలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. ఎంజైముల పాఠం నాకు కొట్టిన పిండి. ఆ సంగతి ఆళ్లగడ్డ పక్కన మా అత్తగారి ఊళ్లో ఎవరికీ పట్టదు. అక్కడ నేను పప్పులో ఉప్పు మరిచిపోయే కోడలిని, అంతే.

ఆ కోడలికే ఒకసారి జ్వరం ముదిరి ఐసీయూలో చేరాల్సి వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న మా మామ, నేను లేచి తిరిగితే ఊరి అమ్మవారికి పొట్టేలునిస్తానని మొక్కుకున్నాడు. నేను లేచాను. పొట్టేలు పిల్లను తెచ్చి కట్టేశారు. ఒక ఏడాది వానల్లేవు, ఇంకో ఏడాది ఇంట్లో మైల. మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. మొక్కిన జీవాన్ని మార్చకూడదు, అమ్మకూడదు. అది దూడంత అయింది, ముదిరిపోయింది. ఈలోగా మామకు పళ్లన్నీ ఊడి కట్టుడు పళ్లు వచ్చాయి.

మా ఇంట్లో మొక్కుకున్నవాళ్లే మొదటి ముక్క తినాలి. వాళ్లు మింగేదాకా బంతిలో ఎవరూ విస్తరి ముట్టరు. మింగితేనే మొక్కు తీరినట్టు.

ఈ వేసవిలో మొక్కు తీర్చే రోజు రానే వచ్చింది, పొట్టేలును కోశారు. వంట పెత్తనం మామ వాళ్ల అక్కది, మా పెద్దత్తది. మాంసం ముదురని ఆమెకూ తెలుసు. అందుకే అక్కడ అందరూ చేసే పనే చేసింది. సగం మాంసం పొయ్యి మీదికెక్కించి, ఎసరు తెర్లుతుంటే నాలుగు పచ్చి బొప్పాయి ముక్కలు అందులో పడేసింది.

"పెద్దత్తా, మరిగే నీళ్లలో వేస్తే బొప్పాయి పనిచేయదు. ముందే పచ్చిది రుద్దాల" అన్నాను.

"ఏందమ్మే, నాకు నేర్పిస్తాండావా? నీ పాఠాలు నంద్యాలలో చెప్పుకోపో."

నాకు ఒళ్లు మండింది. మిగిలిన సగం మాంసం బేసిన్‌లో ఉంది. ఎవరినీ అడగలేదు. దొడ్లో పచ్చి కాయ కోసి, పాలు కారుతుండగానే తొక్కతో సహా నూరి, మాంసానికి పట్టించి మూతపెట్టాను.

ఆ మూత కింద జరిగేది నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. బొప్పాయి పాలలో పపేన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అదీ ఒక ప్రోటీన్ దారమే, ముడుచుకుని ఒక ఉండలా తయారైంది. ఆ ఉండలో ఒక సన్నని గాడి ఉంటుంది. మాంసంలోని ప్రోటీన్ పోగు వచ్చి ఆ గాడిలో ఇమిడి కూర్చుంటుంది. కూర్చోగానే గాడి కూడా కొంచెం సర్దుకుని దాన్ని పట్టుకుంటుంది. గాడి అంచున సిస్టీన్ అనే భాగంలో గంధకం ఉంటుంది, దాని పక్కనే హిస్టిడిన్. హిస్టిడిన్ గంధకం దగ్గరున్న ప్రోటాన్‌ను లాక్కుని గంధకాన్ని ఎగదోస్తుంది. గంధకం పోగు మీద పడుతుంది. పోగు పుటుక్కున తెగుతుంది. ఒక ముక్క వెళ్లిపోతుంది, రెండోది గంధకాన్ని అంటుకునే ఉంటుంది. అప్పుడు ఒక నీటి అణువు వచ్చి దాన్నీ విడిపిస్తుంది. గాడి మళ్లీ ఎప్పటిలా ఖాళీ, ఇంకో పోగుకు సిద్ధం. ఎన్ని పోగులు తెంచినా ఎంజైమ్ మాత్రం అరిగిపోదు.

అసలు కిటుకు సిస్టీన్, హిస్టిడిన్ ఇద్దరూ పక్కపక్కన ఉండటంలోనే ఉంది. దారంలో వాళ్ల చోట్లు ఎక్కడెక్కడో. దారం ముడుచుకోవడం వల్లే, పెళ్లి పందిట్లో వియ్యంకుల్లా, ఒకచోట చేరారు. మరిగే నీళ్లలో ఆ ముడత విడిపోతుంది. గంధకం ఒక దిక్కు, హిస్టిడిన్ ఒక దిక్కు. ఇక తెంచేదెవరు?

గంట తర్వాత నా మాంసాన్ని సన్న సెగ మీద పెట్టాను. మెల్లగా వేడెక్కేటప్పుడే పపేన్ మరీ చురుగ్గా పనిచేస్తుంది, తెర్లేసరికి దాని పని ముగుస్తుంది.

ముందు పెద్దత్త కూర వడ్డించారు. బంతి మొత్తం మామ నోటి వంకే చూస్తోంది. ఆయన నమిలాడు, నమిలాడు, దవడ పట్టుకున్నాడు. చివరికి ముక్కను చేతిలోకి తీసేశాడు. పెద్దత్త ముఖం మాడిపోయింది.

"నా వల్ల కాకుండా ఉండాది. మొక్కు తీరకపోతే, రేపు నీకేమన్నా అయితే యాడికి పోవాలమ్మా?" అన్నాడు నాకేసి చూసి. ఆ కళ్లలో ఐసీయూ బయటి భయమే ఉంది.

"ఇంకో సట్టి ఉంది మామా. ఉడికింది, తెస్తాండా."

నా కూర తెచ్చి ఆయన విస్తట్లో వడ్డించాను. మామ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు దవడలు ఆడాయి. గొంతు కదిలింది.

"దిగింది. ఇంగ నీకేం గాదు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. "తినండప్పా, ఏం చూస్తాండారు!" అని ఆయన కేకేస్తే బంతి మొత్తం ముద్ద కలిపింది. ఆయనేమో అప్పుడే రెండో ముక్క అడుగుతున్నాడు.

"అంతా అమ్మవారి దయ" అన్నాడు నములుతూ.

పెద్దత్త నా సట్టిలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని, తమ్ముడి వైపు తిరిగింది. "నా సట్టిలో ఉడికిందీ ఆ అమ్మవారి పొట్టేలే కదరా, అదెందుకు దిగలే? ఇది నీ కోడలు చేసిన పని. ఒప్పుకో."

తర్వాత నా విస్తరి తానే వేసి, నన్ను కూర్చోబెట్టి వడ్డించింది.