మెడ ఊడిన కబురు

గిటారు పిడికి మెడ అని పేరు పెట్టినవాడెవడో గానీ, చిత్తూరు జిల్లావాడు మాత్రం కాదు. అయ్యుంటే ఇంకో మాట వెతుక్కునేవాడు.

డెబ్బైల చివర నేను తిరుపతిలో ఉంటూ, చిత్తూరు ఆర్కెస్ట్రాతో పెళ్లి కచేరీల్లో వాయించేవాణ్ణి. నాది మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ గిటారు. నడుమ గట్టి దిమ్మె, రెండు పక్కలా డొల్ల. మా ఆర్కెస్ట్రా పెద్దాయన దగ్గర అదే కంపెనీది, ఇంకా పాతది ఉండేది. పైకి రెండూ కవలలే. పాతదాంట్లో మెడ చివర, వడ్రంగులు కుసి అనే నాలుక, దిమ్మెలోకి పొడుగ్గా దిగి కూర్చునేది. నాదాంట్లో ఆ నాలుకను బొటనవేలంతకు కోసేసి, జిగురుతో సరిపెట్టారు. వాళ్లకు పని తగ్గింది, నా ప్రాణానికొచ్చింది. ఎండలు ముదిరితే చాలు, జిగురు వదిలేది.

ఒక కచేరీ రోజు పొద్దున తీగలు బిగిస్తుంటే మెడ మొదలంటా ఊడి చేతికొచ్చింది. ఇంట్లో ఫోను లేదు. బస్టాండుకు పరిగెత్తి, తెలిసిన కండక్టరుతో చిత్తూరుకు కబురు పంపాను.

"మెడ ఊడిపొయ్యింది, పాత గిటారు తీసిపెట్టమని పెద్దాయనకు చెప్పప్పా. మధ్యాహ్నం బస్సుకొస్తా."

ఆ మహానుభావుడు మెడ దాకా చెప్పి, మిగతాది మింగేశాడు.

నేను మండపానికి చేరేసరికి నా కుర్చీలో వేలూరు గిటారిస్టు, ఆయన ఒళ్లో ఆ పాత గిటారు. ఊడింది నా మెడే అనుకుని పెద్దాయన వేలూరాయనను నా బదులు పిలిపించి, గిటారు చేతికిచ్చి, నన్ను వెతుక్కుంటూ ఎముకలకు కట్లు కట్టే పుత్తూరుకు బస్సెక్కాడట. పెద్దాయన చెప్పందే గిటారు ఇవ్వనని వేలూరాయన భీష్మించాడు. ఒళ్లు మండిపోయింది. కచేరీ అంతా కూర్చుని విన్నాను. అతను బాగానే వాయించాడు, అదింకా మంట.

చివరి పాటకు పెద్దాయన పుత్తూరు నుంచి తిరిగొచ్చాడు. నన్ను చూసి, రెండు చేతులతో నా మెడ తడిమాడు.

"నొప్పి యాడుండాది?"

"నాకేం కాలేదు. ఊడింది గిటారు మెడ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"కట్టు కట్టించుకోను వచ్చినోళ్ల మొగాలన్నీ సూసినాను కదప్పా."

తిట్టుంటే బాగుండేది. పాత గిటారు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనే అన్నాడు.

"పోనీలే. నీ గిటారుకు మెడ అతికేదాకా వేలూరాయనే వాయిస్తాడు."

ఆ మెడ మళ్లీ అతకలేదు.