ముక్కు ఇటు, తోక అటు

మొన్న కోడలు కొత్తగా కొన్న నాలుగు పొయ్యిల గ్యాస్ స్టవ్ మీద కాఫీకి పాలు పెట్టబోయి, తిప్పాల్సిన మీట బదులు పక్కదాన్ని తిప్పాను. పాలగిన్నె చల్లగానే ఉంది, వెనక ఖాళీ పొయ్యి భగ్గుమని పక్కనున్న మసిగుడ్డ అంటుకుంది. కోడలు పరుగున వచ్చి ఆర్పేసి, మామకు వయసైపోయిందన్నట్టు ఒక చూపు చూసి పోయింది. మీటలేమో ఒక వరసలో, పొయ్యిలేమో చదరంగా ఉంటే ఏది దేనిదో చేతికి ఎట్లా తెలుస్తుందని నాకు ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే గుండె దడదడలాడి కుర్చీలో కూలబడ్డాను. ఆ దడ ఎక్కడిదో నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

డెబ్భైల చివర్లో పత్తి చేలకు విమానంతో మందు కొట్టిన రోజులు నంద్యాల వైపు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ విమానాలు నడిపిన ఇద్దరిలో నేనొకణ్ణి. ఆళ్లగడ్డ దగ్గర సేద్యగాళ్ల ఇంట పుట్టి, బావి గట్టున ఆయిలింజను తిప్పుతూ పెరిగి, ఎట్లాగో విమానం నేర్చుకున్నవాణ్ణి. రెండో ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, నాకు పని నేర్పినవాడు. అన్నా అనే పిలిచేవాణ్ణి. ఆయన భార్య నంద్యాలలో బడి టీచరు, నాకు వదిన. ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక నా భోజనం వాళ్లింట్లోనే.

ఒక ఏడు పత్తి పూతకొచ్చిన రోజుల్లో, పొద్దున్నే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు విమానం తీసుకుపోతూ, దోవలో ఇంజను ఆగిపోయి, జొన్నచేలో కూలి అన్న చనిపోయాడు. ఒక ట్యాంకు నిండా పెట్రోలుంది, పెట్రోలు మీట మాత్రం మూసి ఉంది. తెలివిలో ఉన్నవాడు గాల్లో పెట్రోలు ఎందుకు మూస్తాడని విచారణకు వచ్చిన అధికారి నన్ను అడిగాడు. ముందురోజు మధ్యాహ్నం ఒక పెళ్లి విందులో అన్న రెండు గ్లాసులు పుచ్చుకున్న మాట నిజం. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మరునాటి పొద్దునకు అన్న మత్తు లేకుండా తేటగా ఉన్నాడన్న సంగతి అధికారి అడగలేదు, నేనూ చెప్పలేదు. కాగితంలో పైలట్ నిర్లక్ష్యం అని పడింది, ఊరు దాన్ని తాగి నడిపాడని చదువుకుంది. దాచడమెందుకు, ఆ పొద్దున ఆయన్ను చూసిన నేను కూడా చివరికి అట్లాగే అనుకున్నాను.

మరుసటి ఏడు, అన్న కూలిన రకం విమానమే నా చేతికి వచ్చింది. గడివేముల దాకా పోయి వచ్చే చిన్న చిన్న తిరుగుళ్లే కాబట్టి పెట్రోలు మీటను నేలమీదే, మేము మామా అని పిలిచే మెకానిక్ సరిచేసి పెట్టేవాడు, గాల్లో దాన్ని ముట్టే పనే పడేది కాదు. ఒక పొద్దున మొదటిసారి దాంట్లో ఆళ్లగడ్డకు బయల్దేరాను. ఎడమచేతి వైపు నల్లమల వెనకనుంచి ఎండ పొడుస్తోంది, కుడివైపు కుందూ నది మెరుస్తోంది, మధ్యలో నల్లరేగడి మీద పచ్చగా పత్తి, కలుపు తీసే ఆడవాళ్లు తలెత్తి చేతులూపుతున్నారు. అంత అందమైన పొద్దును నేను మళ్లీ చూడలేదు. అన్న చివరిసారి చూసిందీ ఈ దోవే కదా అని మాత్రం అనుకుంటూనే ఉన్నాను.

సగం దోవలో ఎడమ ట్యాంకు అడుగంటుతుంటే కుడిదానికి మార్చాల్సి వచ్చింది. మీట సీటు కింద, తొడ పక్కన ఉంటుంది. తల వంచితే తప్ప కనపడదు, మందు కొట్టేవాళ్లకు అలవాటైన ఐదారు తాటిచెట్ల ఎత్తులో తల వంచడమంటే చావును పిలవడమే. మీట ముక్కు ఎడమకుంటే ఎడమ ట్యాంకు, ముందుకుంటే కుడి ట్యాంకు, వెనక్కి ఉంటే బంద్. ఇదంతా నాకు కంఠోపాఠం. చేత్తో తడిమి ముందుకు తిప్పాను. కాసేపు బాగానే పోయింది, తర్వాత ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

రెక్కల మీద గాలి ఈల వేస్తోంది. ఎదురుగా జొన్నచేను దగ్గరికొస్తోంది, కుడి ట్యాంకు ముల్లు నిండుగా చూపిస్తోంది. అన్న కూడా ఇదే ముల్లును ఇట్లాగే చూసి ఉంటాడనిపించి ఒళ్లు జలదరించింది, ఏమైతే అదైందని తల వంచి మీటను చూశాను. మా ఇంటి ఆయిలింజనుకు పొడుగు పిడి ఎటు చూస్తే నూనె అటు పోతుంది. చిన్నప్పటి నుంచి నా చేతికి తెలిసింది అదే. ఈ విమానంలో పొడుగుది పట్టుకోవడానికి పెట్టిన తోక మాత్రమే, రెండో కొసన బొటనవేలంత కూడా లేని మొండి ముక్కుంది, దారి చూపేది ఆ ముక్కు. నేను తోకను ముందుకు తిప్పితే ముక్కు వెనక్కి పోయి బంద్ మీద కూర్చుంది. గిర్రున తిప్పేశాను. ఇంజను అందుకునేసరికి జొన్న కంకులు చక్రాలకు తగులుతున్నాయి.

ఆళ్లగడ్డలో దిగాక, జీపులో ముందే వచ్చి ఉన్న మెకానిక్ మామకు చూపించాను. ఆయన మీటను నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీ అన్న తాగి సావలేదప్పా," అన్నాడు చివరికి. "కానీ నువ్వు నోరు తెరిచ్చే నీ లైసెన్సు పోతాది. గాల్లో పెట్రోలు కట్టేసినోళ్లల్లో రెండోవోడు అని రాచ్చారు. గమ్మునుండు."

మూడు రోజులు గమ్మునే ఉన్నాను. నా కొడుకు విమానం నడుపుతాడని నాయన సంతలో ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చెప్పుకునేవాడు, ఆ మాట పోతుందని నా భయం. అన్నం సయించలేదు. నాలుగో రోజు నా తప్పూ, మీట తీరూ, ఆ పొద్దున అన్న తేటగా ఉన్న సంగతీ అన్నీ రాసి విమానాల ఆఫీసుకు పంపాను. వాళ్లు నన్ను నేలమీదికి దింపారు, మళ్లీ ఎక్కనివ్వలేదు. మీటలను మాత్రం చడీచప్పుడు లేకుండా అన్ని విమానాల్లోనూ మార్చారు. అన్న కాగితంలో ఒక్క అక్షరం మారలేదు.

వదినకు నేనే వెళ్లి చెప్పాను. బడి వదిలాక వరండాలో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. కాగితం మీద మీట బొమ్మ వేసి ముక్కూ తోకా చూపించాను, విందు సంగతి అధికారికి చెప్పింది నేనేనని కూడా ఒప్పుకున్నాను. ఆమె కలానికి మూత పెట్టి ఆ బొమ్మను తన వైపు తిప్పుకుంది.

"తెలుసప్పా, చెప్పింది నువ్వేనని," అంది. "ఊరంతా అన్నా నేను నమ్మలేదు. నువ్వు చెప్పినావంటే నమ్మినా. పోయినేడు సమాధుల పండగకు గూడా మీ అన్న కాడికి పోలేదు నేను."

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నేనే ఏడ్చాను.

తర్వాత నేను ఆళ్లగడ్డ చేరి సేద్యంలో పడ్డాను. ఇప్పుడు మా చేలమీద విమానాల చప్పుడు లేదు. గట్టున నిలబడి ఎవరో పిల్ల డ్రోను తిప్పుతుంటుంది. పడితే డ్రోను పడుతుంది, మనిషి పడడు. విమానాల్లో కూడా ఇప్పుడు ఒక్కో మీటకు ఒక్కో ఆకారం పెట్టి, చెయ్యి తడిమితే తెలిసేట్టు చేస్తారట. ఇవన్నీ వింటే సంతోషంగానే ఉంటుంది. వదిన కూడా పోయి చాలా ఏళ్లయింది, అన్న పక్కనే పెట్టారు. నేను వెళ్లి చెప్పాక, బతికినన్నాళ్లూ ఆమె ఏ ఏడూ సమాధుల పండగ తప్పలేదని విన్నాను. కానీ ఆ మొదటి ఏడు, అందరూ పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని సమాధుల దొడ్డికి పోతుంటే, నా మాట నమ్మి తలుపేసుకుని ఇంట్లో కూర్చున్న ఆ సాయంత్రాన్ని మాత్రం నేను ఆమెకు తిరిగి ఇవ్వలేకపోయాను.