ఆనందరావు నోరు, పున్నమ్మ ముఠా దాహం

నకరికల్లు దగ్గరి మా ఊళ్లో ఆనందరావు చేలో దిగితే ముందు నోరు వస్తుంది, వెనక మనిషి వస్తాడు. కూలీలను పేరుపెట్టి పిలవడం ఆయన ఎరగడు. గేదె, దున్నపోతు, మొద్దు, అంతే. "మనసులో ఏం ఉండదమ్మా, నోరే అంత" అని ఊరు సర్దిచెబుతుంది. మనసు ఎవరు చూడొచ్చారు? చెవిన పడేది నోటిమాటే కదా.

ఈ ఏడు మిరపకాయ ఎర్రగా పండి కోతకొచ్చిన వేళ కొండవీడు వైపు మబ్బు పట్టింది. తడిస్తే కాయ రంగు పోతుంది. కోత ముఠాలన్నీ వేరే చేలు ఒప్పుకున్నాయి. ఖాళీగా ఉన్నది పున్నమ్మ ముఠా ఒక్కటే. ఆనందరావే ఆమె గుమ్మానికి వెళ్లాడు.

"వస్తాం బాబాయ్. కానీ నువ్వు తిట్టినప్పుడల్లా మాకు దాహమేస్తది. అందరం లేచి నీళ్లు తాగొస్తాం."

"నీళ్లేగా, తాగండి" అన్నాడు, సంగతి బోధపడక.

తెల్లారి చేలో "ఒసే గేదే, కొమ్మ ఇరుస్తావేందే!" అన్నాడో లేదో, సాళ్లలోని ఆడవాళ్లంతా సంచులు దించి గట్టు మీది బిందె దగ్గరకు నడిచారు. తీరిగ్గా తాగారు.

"పెళ్లికెళ్తన్నారా, దున్నపోతుల్లారా!"

వెనక్కి తిరిగిన వాళ్లు మళ్లీ బిందె దగ్గరికే వెళ్లారు. పైన మబ్బు ఇంకాస్త నల్లబడింది.

ఆనందరావు నోరు కట్టేసుకున్నాడు. ఆపుకోలేక దూరంగా పోయి బోరు మోటారును తిట్టి వచ్చాడు.

"తిట్టుకో బాబాయ్, దానికి దాహమెయ్యదులే" అంది పున్నమ్మ.

మధ్యాహ్నం ఆయన భార్య నాగలక్ష్మి క్యారేజీ తెచ్చింది.

"ఇంతసేపేందే, మొద్దుమొహమా!"

ముఠా మొత్తం లేచి నిలబడింది.

"అది నా పెళ్లాం! మిమ్మల్ని కాదుగా!"

"ఎవర్ని తిడితేనని మాటాడుకోలేదుగా బాబాయ్. తిట్టు ఇనపడితే దాహమే."

ఆనందరావు మబ్బు వంక చూశాడు. చెట్ల మీద మిగిలిన కాయ వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాగలక్ష్మీ... అన్నం పెట్టు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఆ పేరు గలావిడ ఇంకెవరన్నా వచ్చారేమోనని. నవ్వుకుంటూ ముఠా సాళ్లలోకి వంగింది. ఆఖరి సంచి పట్టా కిందకు చేరాకే చినుకు పడింది.

మర్నాడు పొద్దున కాఫీ ఆలస్యమైందని ఆనందరావు "ఏమే మొద్దూ" అన్నాడు. నాగలక్ష్మి పొయ్యి కట్టేసి, చెంబు తీసుకుని, బిందె వైపు నడిచింది.