దగ్గు తగ్గిందని మానేసిన మందు

గుడివాడ బస్సులో ఒక టీబీ రోగికి బుద్ధి చెప్పి మందులు మింగించానని ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాను. ఈ మధ్య ఆ రోగులు ముగ్గురయ్యారు.

నిజానికి ఉన్నది ఒక్కరే, పటమటలో బట్టలు కుట్టే సాయిబుగారు. నా పక్కన కూర్చుని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గారు. నేను కిటికీ మూయబోతే ఆపారు.

“గాలి ఆడనివ్వండి మాస్టారూ, నాది టీబీ. రెండు నెలలకే దగ్గు పోయిందని మందులు మానేశా. అది తిరగబెట్టి, మా పాపకీ అంటుకుంది.”

“ఎంత పని చేశారండీ! ఆరు నెలలూ మింగాలి కదా?” అన్నాను, పెద్ద డాక్టరులా.

“బాగా తెలుసే! మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందాండీ?”

“అబ్బే, మా ఇంట్లో అలాంటివి లేవండీ.”

“అదృష్టవంతులు,” అన్నారాయన, నమ్మేసి.

ఆ ఇంట్లో రోగిని నేనే. నాకూ దగ్గు తగ్గిందని అప్పటికి మూడు వారాలుగా మాత్రలు ముట్టలేదు. మనవరాలేమో రోజూ నా పక్కలోనే పడుకునేది.

గుడివాడలో దిగి, ఇంటికి పోకుండా ఆసుపత్రికి వెళ్లి నర్సమ్మకు ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టి, నాచేత మళ్లీ మాత్రలు మొదలుపెట్టించి, మనవరాలిని పరీక్షకు తీసుకురమ్మంది. పిల్లకు ఏమీ లేదని తేలేదాకా నేనెవరి దగ్గరా ఒక్క గొప్ప కూడా చెప్పుకోలేదు.