స్లో సైకిల్ పందెంలో ఆత్మరక్షణ

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం కష్టం, దొరికింది పోవడం ఇంకా కష్టం అనేవారు పెద్దలు. అందులో రెండో మాట ఎంత అబద్ధమో సైకిల్ దిగకుండానే తెలుసుకున్నవాణ్ణి నేను. ఎనభైల మొదట్లో, ఇరవై రెండేళ్ల వయసులో, కల్లూరు నుంచి ఒక రేకు పెట్టె, ఒక టైపు లోయరు సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చి, మణుగూరు అవతల అడవి అంచున కొత్తగా తెరిచిన బొగ్గు గని ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఆరు నెలల ప్రొబేషను. మా నాన్న అప్పటికే ఊళ్ళో కనిపించినవాళ్ళందరికీ "మావాడు మేనేజరు పక్కనే కూర్చుంటాడు" అని చెప్పేశాడు. (అబద్ధం కాదు. మధ్యలో గోడ ఉంది, అంతే.)

ఆ గదిలో నాకు ఎదురుగా కూర్చునేది మా హెడ్ క్లర్కు. ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు, అందరికీ కామా సారే. ఏ కాగితం ఇచ్చినా ముందు ఎర్ర పెన్సిల్‌తో ఒక కామా పెట్టి, ఆ తర్వాత చదవడం మొదలుపెట్టేవారు. కరీంనగర్ వైపు మనిషి, యాభైకి దగ్గరపడ్డారు, ముందు మీసం వచ్చి తర్వాత మనిషి వచ్చినట్టుండేవారు. మా గని మొత్తంలో ఇంగ్లీషులో ఆఫీసు ఉత్తరాన్ని తప్పు లేకుండా రాయగలిగింది ఆయనొక్కరే. మేనేజరు గారు కింద సంతకం పెట్టడమే తప్ప పైన ఏముందో చూసేవారు కాదు. నా నోట 'అండి' అన్న మాట వస్తే చాలు, కామా సారు తల ఎత్తేవారు.

"ఏమయ్యా కల్లూరు, నువ్వు ఆంధ్రల పుట్టినవా, తెలంగాణల పుట్టినవా?"

"సరిహద్దులో అండి."

"గదే నీ టైపుల గుడ కనబడుతున్నది. ఒక్క లైను ఒక్క దిక్కు ఉండది."

ఇలాంటివి నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ ఆ ఏడాది ఆటల పోటీలకు వారం ముందు, సెలవు చీటీలు పట్టుకుని పాతికమంది కార్మికులు కిటికీ దగ్గర నిలబడి చూస్తుండగా, నేను నాలుగోసారి కొట్టుకొచ్చిన ఉత్తరాన్ని ఆయన నాలుగు ముక్కలు చేసి, "పోయి మళ్ళ బడిల కూసో" అన్నారు. బయటెవరో నవ్వారు. ఆ నవ్వు వారం రోజులు నా చెవిలోనే కాపురం పెట్టింది.

ఆటల పోటీలంటే మా గనికి జాతరే. తునికి చెట్ల మొద్దులు పీకి చదును చేసిన మైదానం, సున్నం గీతలు, ఒక షామియానా, దాని కింద మేనేజరు గారి భార్య, ఆమె ముందు బల్ల మీద బహుమతులుగా ఇచ్చే స్టీలు టిఫిన్ క్యారియర్లు. పరుగులో కుర్రకారు గెలిచేవాళ్ళు, తాడు లాగుడులో భూగర్భంలో పనిచేసే వాళ్ళు గెలిచేవాళ్ళు. ఆఫీసు వాళ్ళకు మిగిలింది స్లో సైకిల్. (తెలియనివాళ్ళ కోసం: ఇందులో అందరికంటే వెనకాల వచ్చినవాడే గెలిచినట్టు. కాలు నేలకు తగిలినా, తనకు గీసిన రెండు గీతల మధ్య నుంచి పక్కకు పోయినా ఔట్. మా ఆఫీసు స్వభావానికి ఇంతకంటే తగిన ఆట లేదు.) ఆ ఆటలో ఏడేళ్లుగా, ఏ గనికి బదిలీ అయినా, కామా సారుకు ఎదురు లేదు.

ఎందుకు లేదో ఆయన పక్క గీతలోకి వెళ్ళాకే నాకు తెలిసింది. మొత్తం తొమ్మిది మందిమి. ఈల వేసిన కాసేపటికే ఆరుగురు కాళ్ళు దించేశారు. ఏడోవాడు గీత దాటి షామియానా గుంజను పట్టుకున్నాడు. మిగిలింది ఆయన, నేను. నా కుడి పక్క గీతలో ఆయన నల్ల సైకిల్ నిలబడ్డ చోటే వణుకుతోంది. సరిగ్గా అప్పుడు నా కుడి డొక్కలో మేకు దిగినట్టయింది. చూస్తే ఏమీ లేదు. ఆయన చూపు ఎదురుగానే ఉంది, ముఖంలో భక్తి ఉంది, మోచెయ్యి మాత్రం మెల్లగా వెనక్కి వెళుతోంది. రెండోసారి పొడిచినప్పుడు నా ముందు చక్రం మెలిక తిరిగి గీత అంచు దాకా పోయి వచ్చింది. ఈల మాస్టారు (కాలనీ బడిలో డ్రిల్లు చెప్పేవారు) ఎడమ పక్కన ఉన్నారు, ఆయనకు ఇదేదీ కనబడదు.

ఇక్కడ ఒక్క నిజం చెప్పి ముందుకు పోతాను. మూడోసారి ఆయన నన్ను పొడవలేదు. నేనే ఆగలేకపోయాను. డొక్క నొప్పికి కాదు, కిటికీ దగ్గరి నవ్వు గుర్తొచ్చింది. కుడి కాలు పెడల్ మీంచి తీసి, ఆయన మోకాలి పైన ఆనించి, ఒక్క నెట్టు నెట్టాను. ఆయన, ఆయన సైకిలు, ఆయన ఏడేళ్ల కీర్తి కలిసి అటు పక్కకు ఒరిగి సున్నం గీత మీద పడ్డాయి. లేచేసరికి సగం మీసం తెల్లగా ఉంది. కుడి మణికట్టు ఉండవలసిన వైపు లేదు.

విచిత్రమేమిటంటే, నా సైకిల్ రెండు వంకర్లు పోయి నిలబడింది. కాలు మళ్ళీ పెడల్ మీదికి వచ్చింది. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు గానీ ఊదాలో వద్దో తెలియలేదు.

"ఔటే! కాలు తీసిండు!" అని ఒకడు అరిచాడు.

"తీస్తే ఏమాయె? కాలు భూమికి తాకలె, మనిషికి తాకింది. మనిషికి తాకొద్దని రూలుల ఏడున్నది?" అని ఒక కార్మికుడు గట్టిగా అడిగాడు. మైదానమంతా దాని మీద రెండుగా చీలిపోయింది. మేనేజరు గారి భార్య టిఫిన్ క్యారియర్ చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. కామా సారును జీపులో దవాఖానాకు తీసుకుపోయారు. నేను సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ నా గదికి పోయాను.

సోమవారం కుడి చేతికి పిండికట్టుతో కామా సారు మామూలు టైముకే వచ్చారు. నా వైపు చూడకుండా, "కూసో. కాయితం పెట్టు. మూడు కాపీలు. కార్బన్ తిరగేసి పెట్టకు" అన్నారు. పెట్టాను. ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. రెండో లైనుకు నాకు అర్థమైంది, అది నా మీద ఛార్జి మెమో. ప్రొబేషనులో ఉన్న టైపిస్టు, ఆటలో దెబ్బ తగిలితే మాస్టారుకు చెప్పుకోవలసింది పోయి, తన పై అధికారిని, బహిరంగంగా, ఉద్దేశపూర్వకంగా, కాలితో, గాయపరిచాడు గనుక ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో మూడు రోజుల్లో చెప్పుకోవాలి.

"సారూ, ఆ 'ఉద్దేశపూర్వకంగా' అన్నది ఉండాలాండీ?"

"టైపిస్టుకు అభిప్రాయం ఉండొద్దు. కొట్టు."

కొట్టాను. ఆయన ఎడం చేత్తో కాగితం పట్టుకుని చదివి, "నీ పేరు నువ్వే తప్పు కొట్టినవ్. తప్పు పేరు మీద మెమో చెల్లది. రేపు నువ్వు దాన్ని పట్టుకోని తప్పించుకుంటవ్. మళ్ళ కొట్టు" అన్నారు. నన్ను ఉద్యోగంలోంచి పీకే కాగితాన్ని, పీకడానికి పనికొచ్చేలా, నేనే రెండోసారి శుభ్రంగా కొట్టాను. ఆ వారంలో నేను తప్పు లేకుండా కొట్టిన కాగితం అదొక్కటే. అందినట్టు సంతకం కూడా పెట్టాను.

గదికి వెళ్ళి జవాబు రాశాను. తప్పయిపోయింది, ఆవేశంలో జరిగింది, మా నాన్న బాధపడతాడు, క్షమించండి. ఏ కాగితమైనా హెడ్ క్లర్కు ద్వారానే పైకి వెళ్ళాలి గనుక, మర్నాడు సాయంత్రం కామా సారు క్వార్టరుకు పట్టుకెళ్ళాను. వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. వాళ్ళావిడ కింద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆయన చదివారు. ముఖం ఎర్రబడింది.

"ఏందయ్యా ఇది? జవాబా, జొరమొచ్చిందని సెలవు చీటా?"

"నాకు ఇంతకంటే రాదండీ."

"నేను రాసిన మెమోకు గిసొంటి జవాబు పైకి పోతే, నాకు ఇజ్జత్ ఉంటదా? రేపు పెద్ద సారు ఏమనుకుంటడు, ఏమీ రానోని మీద ఇంత మంచి మెమో దండుగ చేసిండనుకోడా? కాయితం తియ్యి. రాసుకో."

కాగితం, కలం తీశాను. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. మైదానం ఆఫీసు కాదు, అక్కడ పై అధికారీ కింది ఉద్యోగీ ఉండరు, గీతలుంటాయి అన్నారు. ఆ గీతలోకి ముందు వచ్చింది మోచెయ్యి అన్నారు. "ఆగు" అని తనే మళ్ళీ కళ్ళు తెరిచి, "మెమో ఏమంటదీ, దెబ్బ తగిలితే మాస్టరుకు చెప్పాలె గని కాలెందుకు లేపినవ్ అంటది. నువ్వేమంటవ్?" అని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే, "చెప్పనీకి సైకిల్ దిగాలె, దిగితే ఔట్. రెండు చేతులు హ్యాండిల్ మీదుండె. ఇగ ఆత్మరక్షణకు మిగిలిందేంది? కాలు. రాయి!" అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఆఫీసులో ఎన్నడూ చూడలేదు.

వాళ్ళావిడ చింతపండు పక్కన పెట్టింది. "ఏడేండ్ల సంది నేను చూస్తనే ఉన్న ఆ మోచెయ్యి. నా పేరు గుడ రాసుకో బిడ్డా, సాక్షి."

"ఇంటిదాని సాక్ష్యం చెల్లది" అన్నారు ఆయన.

"ఎందుకు చెల్లది? నిజమా కాదా?"

"అవ్, నిజమే. నువ్వూకో. కల్లూరు, రాయి. రెండుసార్లు పొడిచినా ఓర్చుకున్నాను, మూడోసారి మోచేత్తో పొడిచినప్పుడు మాత్రమే..."

నా కలం ఆగింది. రాసేస్తే పోయేది. ఉద్యోగం దక్కేది, నాన్న మాట దక్కేది. కానీ ఆయన కట్టుతో ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, నా కోసం ఒక్కో మాట ఏరి చెబుతుంటే, ఆ అబద్ధం నా చేత్తో రాయడానికి మనసొప్పలేదు.

"సారూ, మూడోసారి మీరు పొడవలేదండీ."

ఆయన నా వైపు తిరిగారు. "మరెందుకు నెట్టినవ్?"

"మొన్న అందరి ముందూ నా ఉత్తరం చింపారు కదండీ. అది గుర్తొచ్చింది."

 అవతల క్వార్టర్లలో ఎవరో కుళాయి దగ్గర బిందెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఇక అయిపోయింది, రేపు రేకు పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. కామా సారు గొంతు సవరించుకుని, భార్య వైపు చూడకుండా అన్నారు:

"పొడువలె. గని పొడుద్దమనే అనుకున్న. మోచెయ్యి వెనుకకు తీసిన్న గుడ. నువ్వు జర తొందరపడ్డవ్."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు."

"నవ్వకు. పాయింటు దొరికింది. రాయి కల్లూరు: రాబోయే దెబ్బను ముందే శంకించి..."

"కానీ సారూ, మీరు అలా అనుకున్నట్టు అప్పుడు నాకు తెలియదు కదండీ."

"నీకు తెల్వకుంటే అబద్ధమైతదా? అనుకున్నోన్ని నేను, నాకు తెల్వదా?" అని కసిరారు. ఆయన చెప్పినట్టే రాశాను. చింపిన ఉత్తరం సంగతి కూడా చివర ఒక వాక్యంలో పెట్టించారు. "అది గుడ ఉండాలె. లేకుంటే సగం నిజమైతది" అన్నారు. చెబుతున్నప్పుడు కొంచెం నీళ్ళు నమిలారు గానీ, చెప్పారు.

శుక్రవారం మేనేజరు గారు ఇద్దర్నీ పిలిచారు. జీవితంలో మొదటిసారి రెండు కాగితాలూ పైనుంచి కింది దాకా చదివారు.

"ఏమండీ హెడ్ క్లర్కు గారూ, ఈ జవాబు ఈ కుర్రాడే రాశాడా?"

నేను నేల చూశాను. "దస్తూరి అతనిదే సార్" అన్నారు కామా సారు.

"ఆటలో కొట్టినవాణ్ణి తిరిగి కొట్టకూడదని మెమో అంటోంది. కొట్టవచ్చని ఇది అంటోంది. మీరేమంటారు?"

"రెండూ కరెక్టుగనే ఉన్నయి సార్."

"చెయ్యి విరిగింది మీది కదయ్యా! కోపం లేదూ?"

"కోపం ఉన్నది సార్. కోపం వేరే, డ్రాఫ్టు వేరే."

మేనేజరు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆఖరికి, నన్ను నోటిమాటగా మందలించి, ప్రొబేషను మూడు నెలలు పొడిగించి, వచ్చే ఏడాది నుంచి పోటీలో గీతల మధ్య రెండు గజాల ఎడం ఉండాలని రాయించారు. ఆ ఉత్తర్వు కూడా కామా సారే చెప్పారు, నేనే కొట్టాను. స్టీలు క్యారియర్ ఎవరికీ ఇవ్వలేదు. చాలాకాలం ఆఫీసు బీరువాలో ఉండి, తర్వాత ఎవరింటికి చేరిందో తెలియదు.

పిండికట్టు విప్పేదాకా రోజూ పొద్దున ఆయన్ని నా సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాను. దారి పొడుగునా తిడుతూనే ఉండేవారు. నా ఉత్తరాలు చింపడం మానలేదు గానీ, కిటికీ తలుపు మూయించి చింపేవారు. ఆరేళ్ల తర్వాత వేరే గనికి బదిలీ అయి వెళ్ళిపోయారు, మళ్ళీ కలవలేదు.

ఆటలో దెబ్బ తిన్నవాడు తిరిగి కొట్టవచ్చా అని ఇప్పటికీ టీవీ ముందు కుర్రాళ్ళు వాదించుకుంటుంటే నేను నోరెత్తను. ఆనాడు నేను చేసింది ఆత్మరక్షణ కాదని నాకు తెలుసు. నాకు గుర్తొచ్చేది ఆ వరండాలో కలం ఆపిన కుర్రవాడు. ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగంలో ఎన్నో సంజాయిషీలు రాశాను, ఎందరి చేతో రాయించాను. ఎవరూ అడగకుండానే, నాకే నష్టమైన నిజాన్ని అంత గబుక్కున చెప్పేయడం మళ్ళీ నాకు చేతకాలేదు. తెలివి పెరిగింది మరి. ఆ తెలివితక్కువవాడు ఎదురుపడితే ఏం చెప్పాలో తోచదు గానీ, వాడి పక్కన కాసేపు కూర్చోవాలని మాత్రం ఉంటుంది.