తప్పంతా తెలివిగలదానిదే

ఊరంతా గౌరవంగా దోన్యా అని పిలిచే విందాకు ఒకే ఒక్క అలవాటు. తన చుట్టుపక్కల ఏ తప్పు జరిగినా దాన్ని తీసుకెళ్లి కృత్రిమ మేధ నెత్తిన పెట్టేస్తుంది. పత్రికలవాళ్లు దాన్ని కృత్రిమ మేధ అంటారు, కుర్రకారు ఏఐ అంటారు. ఆవిడ మాత్రం "ఆ తెలివిగలది" అంటుంది, పక్కవీధిలో కాపురముండే గిట్టని మనిషిని అన్నట్టు. పొరుగాయనకు బస్సు తప్పిపోయిందా, ఆ తెలివిగలది. ఆదివారం పూజలో ఫాదరుగారు ఒకే ప్రార్థన రెండుసార్లు చదివేశారా, "ఆయన్నేం అనకండి, అది దాని పనే." ఆవిడ చేతిలో ఉన్నదేమో నొక్కుడు బటన్ల పాత ఫోను. ఆ తెలివిగలదాన్ని ఆవిడ ఒక్కనాడూ పలకరించిన పాపాన పోలేదు.

బానీ పట్టణంలో మామిడితోటల వైపు పోయే వీధిలో ఆవిడ ఇల్లు. ఇంటి ముందుగదిలో మేనకోడలు యోకాస్తా బ్యూటీ పార్లర్ నడుపుతుంది. యోకాస్తాకు ఏఐ అంటే ఇష్టం. పండగ ఆఫర్లకు బోర్డు మీద ఏం రాయాలో దాన్నే అడుగుతుంది. అందుకే మేనత్త మాటలకు కస్టమర్ల ముందు తలెత్తుకోలేకపోయేది.

ఒకరోజు యోకాస్తా ఫోన్ చూసుకుంటూ పొయ్యి సంగతి మర్చిపోయింది. అన్నం మాడి వీధంతా వాసన.

"ఆ తెలివిగలది మాడ్చేసింది" అంది విందా కిటికీ తెరుస్తూ.

"అది కంప్యూటర్లలో ఉంటుందత్తా. మన అన్నం ఎలా మాడుస్తుంది?"

"ఎలాగో నాకు తెలిస్తే నేనే తెలివిగలదాన్నయ్యేదాన్ని కదే."

ఈ మాటకు ఎదురు చెప్పగలవాళ్లు ఆ వీధిలో లేరు. సెల్‌ఫోన్లు బాగుచేసే ఎలిహియో ఒకసారి ప్రయత్నించి దెబ్బతిన్నాడు. రోజూ కరెంటు పోతూనే ఉంటుంది. ఆ సాయంత్రమూ పోయింది. కరెంటాఫీసు లైన్‌మన్ స్తంభమెక్కి చెమటలు కక్కుతున్నాడు, కింద జనం అతన్ని తిట్టిపోస్తున్నారు. "పిల్లాణ్ని వదిలేయండి, కరెంటంతా ఆ తెలివిగలది తాగేస్తోంది" అంది విందా. ఎలిహియో నవ్వబోయి, తనకు తెలిసింది దాచుకోలేని మనిషి కాబట్టి, "అంటే... దానికి కరెంటు చాలానే కావాలి, ఆ మాట నిజమే" అన్నాడు. ఇక ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆవిణ్ని పట్టడం ఎవరివల్లా కాలేదు.

ఎలిహియో కూడా తక్కువవాడేమీ కాదు. ఏఐ వచ్చి తన కొట్టు మూయించేస్తుందని రోజూ భయపడతాడు; ఏ ఫోను విప్పినా ఎలా బిగించాలో రోజూ దాన్నే అడుగుతాడు. శనివారాలు వీధరుగు మీద డామినో ఆటలో అతను విందాకు జోడీ. ఒకసారి వెయ్యకూడని బిళ్ల వేసి గెలిచే ఆట పోగొట్టాడు. అవతలివాళ్లు వేళాకోళం మొదలుపెట్టబోయారు. "అతని చెయ్యి పట్టుకుని వేయించింది ఎవరనుకున్నారు?" అని విందా అడిగిన తీరుకు వాళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఎలిహియోను వెక్కిరించడం అందరూ మర్చిపోయారు.

ఈ కథకు కావలసినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఎదురింటి నూరిస్, మూలింటి సొబేయ్‌దా. సొబేయ్‌దా కూతురి బాప్తిస్మానికి నూరిస్ జ్ఞానతల్లి. అప్పటినుంచీ ఒకరినొకరు "వదినా" అనుకుంటూ ఒకే ఇంటివాళ్లలా బతికారు. సొబేయ్‌దా మొగుడు లిబోరియో మంచం పట్టినప్పుడు ఆస్పత్రిలో ఆవిడ పక్కన కూర్చున్నది నూరిసే. అతను పోయాక సొబేయ్‌దా ఏ మాట మొదలుపెట్టినా అందులోకి అతను రావలసిందే. "ఎండగా ఉంది, మా లిబోరియోకు ఎండ పడేది కాదు." "అరటికాయలు బాగున్నాయి, మా లిబోరియో అయితే ఇంకాస్త బేరమాడేవాడు." రాత్రిపూట ఫోన్‌లో ఏఐతో కూడా అతని కబుర్లే చెప్పుకునేది. "అది విసుక్కోదమ్మా, ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా వింటుంది" అనేది. నూరిస్‌కు మాత్రం దాని మీద నమ్మకం లేదు. నాలుక లేనిది వంటలు చెప్పడమేమిటని ఆవిడ ప్రశ్న.

ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజుల్లో ఆ ఊళ్లో ఎర్ర చిక్కుడుగింజల పాయసం చేసి ఇరుగుపొరుగుకు పంచుకుంటారు. గింజలు ఉడికించి రుబ్బి, కొబ్బరిపాలు, చిలగడదుంప ముక్కలు, కిస్మిస్ వేస్తారు. నూరిస్ ఏటా పెద్ద గుండిగెడు చేస్తుంది. మొదటి గిన్నె సొబేయ్‌దాకే.

ఆ ఏడు ఉపవాసాలు మొదలయ్యే ముందు సొబేయ్‌దా బరవోనాలో ఉన్న తన అక్కకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. అక్కకనుకుని వీధి గ్రూపు నొక్కింది. వీధి వీధంతా విన్నది ఇదీ:

"అక్కా, నూరిస్ పాయసం రోజులు మళ్లీ వచ్చాయే. గోడకు పూస్తే తుఫానొచ్చినా కదలదు ఆ పాయసం. ఆవిడ అటు వెళ్లగానే ఇటు నేను కోళ్లకు వేసేస్తాను. పోయినేడు ఓ కోడి రెండ్రోజులు లేవలేదు పాపం."

నూరిస్ దాన్ని రెండుసార్లు విన్నది, గొంతు ఎవరిదో రూఢి చేసుకోవడానికి. తర్వాత నానబెట్టిన గింజలు పారబోసింది. పాయసం మాట కాదు ఆవిణ్ని కోసింది. ఇన్నేళ్లూ గిన్నె అందుకుంటూ "వదినా, నీ చెయ్యి అమృతం" అన్న మాట. సొబేయ్‌దా సిగ్గుతో తలుపులు బిగించుకుంది. క్షమాపణ అడగడానికి రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరగడం వీధివాళ్లు చూశారు. వారం తిరక్కుండా ఇంకో కబురు వచ్చింది. సొబేయ్‌దా ఇల్లు ఖాళీ చేసి బరవోనాకు, అక్క దగ్గరికి వెళ్లిపోతోందట.

ఆ శనివారం నూరిస్ పార్లర్‌కు వచ్చింది. యోకాస్తా ఆవిడ తలనిండా రోలర్లు చుట్టింది. నూరిస్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ ఆ సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. అంతలో వెనకగుమ్మంలోంచి విందా వచ్చింది. ఆవిడ వెనకాల ఎలిహియో, చేతిలో స్క్రూడ్రైవరుతో సహా.

"ఎలిహియో, నేనడిగినదానికి జవాబు చెప్పు. ఆ తెలివిగలది మనిషి గొంతును అచ్చుగుద్దినట్టు దించగలదా, లేదా?"

"దించగలదు, కానీ..."

"కానీ సంగతి తర్వాత. విన్నారుగా? సొబేయ్‌దా గొంతు దించింది అదే."

యోకాస్తాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "అత్తా, ఊరుకో" అంది గొంతు తగ్గించి.

"నేనెందుకు ఊరుకోవాలే? ఆ ముక్క మళ్లీ పెట్టు, అందరూ వింటారు."

పెట్టక తప్పలేదు. గోడ, తుఫాను, కోడి, అన్నీ మళ్లీ వినిపించాయి. నూరిస్ అద్దంలోకే చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి" అంది విందా. "ఇందులో లిబోరియో ఏడి?"

అందరూ యోకాస్తా చేతిలోని ఫోను వైపు మళ్లీ చూశారు.

"సొబేయ్‌దా నోట ఇన్ని మాటలు లిబోరియో లేకుండా ఎప్పుడైనా వచ్చాయా? గొంతు దించింది, యాస దించింది, మొగుణ్ని మాత్రం మర్చిపోయింది. అక్కడే దొరికిపోయింది."

"మరి కోడి రెండ్రోజులు లేవలేదన్న సంగతి దానికెలా తెలిసింది?" అంది నూరిస్ అద్దంలోంచే.

"దానికి తెలియందేముంది? తెలివిగలది కదా."

నూరిస్ పెదవులు ఓ పక్కకు వంగాయి, ఆవిడ బలవంతాన సరిచేసుకుంది. కాసేపటికి, "సొబేయ్‌దా నిజంగానే వెళ్లిపోతోందా?" అని అడిగింది.

"పెట్టెలు కట్టేసింది. రేపు పొద్దున్న బస్సు."

నూరిస్ లేచింది. తలనిండా రోలర్లతోనే, మెడకు తువ్వాలుతోనే వీధిలోకి నడిచింది. కస్టమర్లు, ఎలిహియో ఆవిడ వెంట పడ్డారు. విందా కూడా బయల్దేరబోయి మోచేయి తగిలించి రంగు గిన్నె కింద పడేసింది. నేలంతా నల్లరంగు.

"అయ్యో, నేనే పడేశానే, చూసుకోలేదు" అంటూ కిందకు వంగింది.

యోకాస్తా గుడ్డ తెచ్చి పక్కన కూర్చుంది. "ఇది ఆ తెలివిగలది కాదా అత్తా?"

"దాన్నెందుకంటావు? మోచెయ్యి నాది."

యోకాస్తా తుడవడం ఆపేసింది. మాడిన అన్నం తనది. తప్పు బిళ్ల ఎలిహియోది. రెండుసార్ల ప్రార్థన ఫాదరుగారిది. ఎంత వెతుక్కున్నా, మేనత్త తన సొంత తప్పు దాని మీదికి నెట్టిన రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఇన్నేళ్లూ ఈవిణ్ని చూసి సిగ్గుపడ్డందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"ఆ గొంతు నిజంగా దానిదేనంటావా?"

"నాకేం తెలుసే? దానికి ముఖం లేదు, పరువు పోతుందన్న బాధా లేదు. నాలుగు మాటలు పడితే దానికొచ్చిన నష్టమేంటి? ముందు ఆ గుడ్డ ఇటివ్వు, మనం పోకపోతే అక్కడ జరిగేది చూడలేం."

వాళ్లు మూలింటికి చేరేసరికి తలుపు తెరుచుకుని ఉంది. సొబేయ్‌దా గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"వదినా, అది నా గొంతే. ఆ మాటలు నావే. మా లిబోరియో ఉంటే నన్ను నీ కాళ్ల మీద పడమనేవాడు."

"నీ గొంతు కాదు" అంది నూరిస్.

"నాదే వదినా."

"కాదన్నానా. విందా చెప్పింది, ఎలిహియో కూడా చెప్పాడు. అది ఆ తెలివిగలది అన్నమాట. నువ్వు మధ్యలో రాకు."

ఎలిహియో ఏదో అనబోయాడు. యోకాస్తా అతని కాలు తొక్కింది.

నూరిస్ లోపలికి వెళ్లి, కట్టిన పెట్టె మీద కూర్చుంది. "నాకు కోపం లేదని కాదు, చాలా ఉంది. అంతా దాని మీదే. పాయసం గట్టిగా ఉంటే ఆ మాట నా వంటింట్లోకి వచ్చి, నా మొహం మీద చెప్పాలని చెప్పు దానికి. కొబ్బరిపాలు ఎంత పొయ్యాలో కూడా అడుగు. ఈసారి అలాగే చేస్తాను."

సొబేయ్‌దా కళ్లు తుడుచుకుంది. గుమ్మంలో మూగిన జనం వైపు చూసింది, నేలచూపులు చూసింది.

"అడిగాను వదినా" అంది చివరికి. "ఇంకో రెండు కొబ్బరికాయల పాలు పొయ్యమంటోంది. చిలగడదుంప కాస్త తగ్గించమంటోంది."

"ఇంకా ఏమైనా అంటోందా?"

"గింజలు మెత్తగా ఉడకాలట."

"ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుందన్నమాట, దొంగది" అంది నూరిస్. తర్వాత పెట్టె మీంచి లేచి, దాని తాళ్లు తనే విప్పడం మొదలుపెట్టింది.