ఫలితాల ఫైలుకు శ్రీకారం

స్వప్నకు కరోనా వచ్చిందని మొదట కబురు తెచ్చింది కింది ఫ్లాటు హన్సాబెన్. నా చేతుల మీదుగా అంతకన్నా పెద్ద ఘోరం జరగబోతోందని పాపం ఆవిడకేం తెలుసు. మీరు కూర్చునే చదవండి.

అడాజన్ అనే గుజరాతీ పేటలో మా ఎదురింటి స్వప్న జన్యువుల మీద పరిశోధన చేసేది. బడి ముఖం చూడకుండా ఇంట్లోనే చదువుకున్న నాకు లాక్‌డౌన్‌లో ‘ఆర్’ అనే ప్రోగ్రాముతో బొమ్మలు గీయడం నేర్పింది. నాలుగు బొమ్మలు గీసేసరికి నేను సగం శాస్త్రవేత్తనయ్యాను. మిగతా సగం కూడా అయిపోయాననుకున్నాను.

ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చెప్పే ఫలితాల ఫైలు పంపి, మూసిన తలుపు వెనక నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, జ్వరంతోని కూసోలేకపోతున్న. సాయంత్రం మా గైడ్ మేడంకు బొమ్మ చూపియ్యకుంటే ఈ పని వేరేటోళ్లకు ఇస్తది."

"నువ్వు పండుకో. నేనున్న గద."

నా ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

దేవుడికి దండం పెట్టుకుని గీశాను. రావలసింది చిచ్చుబుడ్డిలా పైకి విచ్చుకున్న చుక్కల బొమ్మ. వచ్చింది నువ్వులు ఒలకబోసిన చాప. కింద అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, పెనం మసిలా నల్లటి పట్టీ.

ఫొటో పంపితే స్వప్న చూసింది. "ఆర్ అంకెలను మాటలనుకుంటున్నదక్కా. ఫైల్ తెరిచి మొదటి లైన్ చదువు."

"శ్రీ."

"దండం తర్వాత పెట్టుకో. ఫైల్ల ఏమున్నది?"

"గదే చెప్తున్న. శ్రీ అని ఉన్నది."

అవతల మంచం కిర్రుమంది, స్వప్న లేచి కూర్చున్నట్టుంది.

"ఎవరు రాసిండ్రు?"

"నేనే. కొత్త పని గద. అన్నిటికన్న పైన ఒక లైన్ జేసి రాసిన."

కొత్త కాగితం మీద శ్రీ రాయనిదే కలం కదపనిచ్చేవాడు కాదు మా బాపు. ఆర్‌ను అట్లా పెంచినవాళ్లెవరూ లేరు. అది శ్రీని శీర్షిక అనుకుని, అసలు శీర్షికలను అంకెల్లో కలిపేసి కూర్చుంది.

"తీసెయ్ అక్కా."

"శ్రీనా? నా చేత్తోనా?"

"మేడం వీడియోల కూసుంటది ఇంకొంచెంసేపట్ల."

"నాకు చెయ్యొస్తలేదే."

పెద్ద నిట్టూర్పు. "సరే, తియ్యకు. మొదటి లైన్ ఇడిచిపెట్టి చదువుమని ఆర్‌కు చెప్పు."

చెప్పాను. చిచ్చుబుడ్డి లేచింది. భగవంతుడి దయవల్ల మేడం మెచ్చుకుంది, పని స్వప్న దగ్గరే ఉంది. అంతటితో ఊరుకోక మేడం ఫైలు కూడా తెప్పించుకుని తెరిచింది. గుజరాతీ ఆవిడ, తెలుగు అక్షరం తెలియదు. నేనూ కలిసిన వీడియోలో శ్రీ మీద వేలు పెట్టి, ఈ మొదటిది ఏ జన్యువని అడిగింది: "స్వప్నా, యే పెహలా కౌన్‌సా జీన్ హై?"

స్వప్న దగ్గుతూనే అంది: "మేడం, వో తో సబ్ మే హోతా హై."

అన్నిట్లోనూ ఉంటుందట. మేడం తల ఊపి రాసుకుంది.

కాబట్టి పదిమంది ఎదుట ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ ఫలితాల ఫైలులోనూ శ్రీ రాయను, మనసులో అనుకునే మీట నొక్కుతాను. మీరు మాత్రం దీపం పెట్టే వేళ, అంత జ్వరంలోనూ నన్ను ఒక్క మాట అనని స్వప్నను ఒకసారి తలుచుకోండి.